కొండ మీది సరస్సుల్లో ట్రౌట్‌కి ఫ్లై ఫిషింగ్: ఏ సరస్సు, ఏ రాడ్, ఏ నెల?

కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా తూర్పు వాలు మీద, పదివేల అడుగుల ఎత్తు చుట్టుపక్కల, ట్రౌట్ చేపలున్న సరస్సులు వందల్లో ఉన్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియా నుంచో లాస్ ఏంజెలెస్ నుంచో మొదటిసారి అక్కడికి వెళ్లాలనుకునే మనవాళ్లు ముందుగా అడిగేది దాదాపు ఎప్పుడూ "ఏ రాడ్ కొనాలి?" అనే. నా లెక్కలో అది మూడో ప్రశ్న. మొదటిది, నీటి ఒడ్డున మీరు ఏ వేళకి ఉండగలరు? రెండోది, ఆ వేళకి అందే సరస్సు ఏది? ఈ రెండూ తేలాక రాడ్ గురించి పెద్దగా ఆలోచించాల్సిన పని ఉండదు.

వేళకి ఇంత ప్రాముఖ్యం గాలి వల్ల వచ్చింది. ఎండాకాలంలో ఆ కొండల్లో తెల్లవారుజామున ఆకు కదలదు. పొద్దెక్కి కింద లోయ వేడెక్కేకొద్దీ గాలి పైకి ఎగదన్నడం మొదలవుతుంది. పది, పదకొండుకల్లా నీటి మీద అలలు లేస్తాయి. మధ్యాహ్నానికి నెత్తిన టోపీ నిలవదు. జూలై, ఆగస్టుల్లో కొన్ని రోజులు దాని వెనకే ఉరుములు, మెరుపులు. పొద్దు వాలాక మళ్లీ సద్దుమణుగుతుంది. ట్రౌట్ పైకి వచ్చి పురుగుల్ని అందుకునేదీ, మన కంటికి కనబడేదీ ఎక్కువగా ఆ రెండు నెమ్మది వేళల్లోనే. శనివారం పొద్దున్నే ఫ్రీమాంట్‌లో కాఫీ తాగి బయల్దేరి, ఐదారు గంటలు కారు నడిపి, ఆపైన రెండు గంటలు కొండెక్కితే సరస్సు చేరేది సరిగ్గా గాలి ఊపందుకున్నాక. ఆ సరస్సు ఎంత గొప్పదైనా, దాని గురించి ఎవరు ఎంత చెప్పినా, మీకు దొరికేది దాని చెడ్డ గంటలే.

ఫ్లై ఫిషింగ్‌కి గాలితో ఉన్న తగువు ఏమిటో కొత్తవాళ్ల కోసం ఒక్క మాట. మామూలు గాలంలో ఎరకో, సీసపు గుండుకో బరువు ఉంటుంది, అది తన వెనక సన్నటి దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై అంటే ఈకలు, వెంట్రుకలు, దారం చుట్టి పురుగులా కట్టిన చిన్న గాలం. దానికి బరువనేదే లేదు. అందుకే ఇక్కడ బరువంతా లావుపాటి లైన్‌లో పెట్టారు. రాడ్‌తో వెనక్కీ ముందుకీ ఊపి విసిరేది నిజానికి ఆ లైన్‌నే. ఫ్లై దాని కొసన తేలిపోతూ వెళ్తుంది. గాలి లేనప్పుడు ఇంత సుతారంగా నీటి మీద వాలే పద్ధతి ఇంకోటి లేదు. ఎదురుగాలిలో ఇంత విసిగించేది కూడా ఇంకోటి లేదు.

ఇక సరస్సులు. నడక తక్కువ నుంచి ఎక్కువకి చెప్తాను.

వర్జీనియా లేక్స్‌కి నడకే లేదు. 395 హైవే మీద కాన్వే సమ్మిట్ దగ్గర పడమటికి తిరిగితే ఆరు మైళ్లలో రోడ్డు సరస్సు దగ్గరే ఆగుతుంది. ఎత్తు దాదాపు 9,700 అడుగులు. కారు దిగితే నీళ్లే కాబట్టి తెల్లవారుజామున ఆరింటికి ఒడ్డున ఉండటం కష్టం కాదు. ఎండాకాలంలో ఇక్కడ హేచరీలో, అంటే చేపపిల్లల్ని పొదిగించి పెంచే కేంద్రంలో, పెంచిన రెయిన్‌బో ట్రౌట్ వదులుతారు. అవి తేలిగ్గా పడతాయి. జనం మాత్రం ఉంటారు, మడత కుర్చీలతో, మైనపు ముద్దలాంటి ఎరలతో. ఆ సందడి నచ్చకపోతే కాలిబాట పట్టుకుని అర మైలు పైకి వెళ్తే బ్లూ లేక్, ఇంకొంచెం పైకెళ్తే కూనీ లేక్. ఆ కాస్త నడకకే జనం సగానికి సగం తగ్గిపోతారు. అమెరికాకి అమ్మానాన్న వచ్చినప్పుడు వాళ్లని కూడా తీసుకెళ్లాలంటే నేను చెప్పేది ఇదే. అయితే ఆంధ్రప్రదేశ్‌లో ఏ కొండా 1,700 మీటర్లు దాటదు; ఇక్కడ కారు ఆపేచోటే దాదాపు 3,000 మీటర్లు. ముందు రోజు రాత్రి ఏడెనిమిది వేల అడుగుల ఎత్తులో, ఉదాహరణకి మామత్ లేక్స్ ఊళ్లో పడుకుని మర్నాడు పైకి వెళ్తే ఒంటికి కొంత అలవాటవుతుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్టుంటే మందు వెతుక్కోవడం కాదు, కిందికి దిగిపోవడం మేలు. గుండె జబ్బు, ఊపిరి ఇబ్బంది ఉన్నవాళ్లని డాక్టర్‌ని అడక్కుండా తీసుకెళ్లకండి.

లిటిల్ లేక్స్ వ్యాలీ నా మొదటి ఓటు, అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను. 395 మీద టామ్స్ ప్లేస్ దగ్గర తిరిగి రాక్ క్రీక్ వెంబడి పైకి వెళ్తే రోడ్డు మస్కీటో ఫ్లాట్ దగ్గర ముగుస్తుంది. ఎత్తు పదివేల రెండు వందల అడుగుల పైచిలుకు. సియెర్రాలో తారు రోడ్డు మీద కారులో చేరగల కాలిబాటల మొదళ్లలో ఇదే అన్నిటికన్నా ఎత్తైనది. అంటే ఎక్కాల్సిన ఎత్తంతా కారే ఎక్కేసింది. అక్కణ్ణుంచి బాట పెద్దగా ఎక్కకుండా సరస్సు తర్వాత సరస్సుని చూపిస్తూ పోతుంది: మ్యాక్, మార్ష్, హార్ట్, బాక్స్, లాంగ్, చికెన్‌ఫుట్, చివర జెమ్ లేక్స్. లాంగ్ లేక్‌కి రెండు మైళ్లు, చికెన్‌ఫుట్‌కి మూడు, జెమ్ లేక్స్‌కి మూడున్నర. ఒక చోట పడకపోతే పది నిమిషాలు నడిచి ఇంకో చోట వేయొచ్చు. కొత్తవాళ్లకి ఇంతకన్నా మంచి బడి దొరకదు. బ్రూక్, రెయిన్‌బో, బ్రౌన్ మూడు రకాలూ ఉన్నాయి. సరస్సుల మధ్య వాగులో కూడా చేపలుంటాయి కాబట్టి గాలి మరీ ఎక్కువైతే చెట్ల చాటున వాగులోకి దిగిపోవచ్చు. చేపలు చిన్నవి, ఆరు నుంచి పది అంగుళాలు. పెద్ద చేప ఫొటో కోసం వెళ్లేవాళ్లు ఇక్కడ నిరాశపడతారు.

ఇక్కడ ఒక చిక్కుంది, పార్కింగ్. వేసవి వీకెండ్‌లో మస్కీటో ఫ్లాట్ పొద్దున్నే నిండిపోతుంది. ఆలస్యంగా వస్తే కింద ఎక్కడో ఆపి రోడ్డు మీద నడవాలి. కిందనున్న రాక్ క్రీక్ లేక్ క్యాంప్‌గ్రౌండ్‌లోనో, బిషప్‌లోనో రాత్రి పడుకుని చీకటితోనే లేస్తే పార్కింగూ దొరుకుతుంది, గాలి లేని మూడు గంటలూ దొరుకుతాయి. ఒక్క రాత్రి బస ఖర్చుకి ఇంత ఫలితమిచ్చే సరస్సు నాకు ఇంకోటి తెలియదు.

ట్వెంటీ లేక్స్ బేసిన్ బే ఏరియావాళ్లకి దగ్గర. యోసెమిటీ మీదుగా టయోగా పాస్ దాటగానే సాడిల్‌బ్యాగ్ లేక్, 10,000 అడుగుల పైన. దాని వెనక గ్రీన్‌స్టోన్, స్టీల్‌హెడ్, షామ్‌రాక్, హెలెన్, ఇలా వరసగా చిన్న సరస్సులు. మొత్తం చుట్టి రావడానికి దాదాపు ఎనిమిది మైళ్లు. చూడటానికి లిటిల్ లేక్స్ కన్నా ఇదే అందమని చాలామంది అంటారు, నేనూ కాదనను. కానీ చెట్లు బాగా తక్కువ. గాలి వస్తే దాక్కోవడానికి చాటు లేదు, మెరుపు వస్తే అసలే లేదు. పొద్దున్న తొమ్మిదింటికల్లా నీటి దగ్గర ఉండి, మధ్యాహ్నానికి వెనక్కి తిరిగిపోగలిగితే వెళ్లండి. ఇంకో విషయం, టయోగా రోడ్డు మంచుకి ఏటా నెలల తరబడి మూసేస్తారు. మంచు విపరీతంగా పడిన 2023లో జూలై 22 దాకా తెరవలేదు. అది మూసి ఉంటే బే ఏరియా నుంచి ఈ "దగ్గర" సరస్సు చాలా దూరమైపోతుంది.

కాటన్‌వుడ్ లేక్స్ పేరు ఎత్తగానే అందరికీ గుర్తొచ్చేది గోల్డెన్ ట్రౌట్. పొట్ట నారింజ ఎరుపు, పక్కలు బంగారు పసుపు. 1947 నుంచి కాలిఫోర్నియా రాష్ట్రపు మంచినీటి చేప. దీని సొంతూరు కెర్న్ నది ఎగువ వాగులు. 1876లో ఆ చేపల్ని కొండ దాటించి కాటన్‌వుడ్ వాగులో వదిలారు, ఆ తర్వాత 1891లో పైనున్న సరస్సుల్లోకి ఎక్కించారు. దశాబ్దాల పాటు ఇక్కణ్ణుంచే గుడ్లు తీసి మిగతా సరస్సుల్లో ఈ జాతిని పెంచారు. లోన్ పైన్ నుంచి హార్స్‌షూ మెడోస్ రోడ్డు మిమ్మల్ని పదివేల అడుగులకి చేరుస్తుంది. అక్కణ్ణుంచి ఐదు మైళ్ల పైన నడిస్తే 11,000 అడుగుల దగ్గర సరస్సులు, పైన మౌంట్ లాంగ్లీ. ఒక్క రోజులో పోయి రావచ్చు, రానుపోను పది పదకొండు మైళ్లు. కానీ అలా పోయి వస్తే మీరు నీటి దగ్గర ఉండేది పదకొండు నుంచి రెండు దాకా, గాలి సమయంలో. రాత్రి అక్కడే గుడారం వేసుకోగలిగితేనే దీన్ని ఎంచుకోండి. దానికి ఇన్యో నేషనల్ ఫారెస్ట్ పర్మిట్ కావాలి, తిండి దాచుకోవడానికి ఎలుగుబంటి తెరవలేని డబ్బా కావాలి. ఎలుగులకి మన పులిహోర పొట్లం వాసన కూడా బాగానే తెలుస్తుంది.

గోల్డెన్ అనగానే పెద్ద చేప అనుకోకండి. ఇక్కడ పది అంగుళాలంటే మంచి చేప. ప్రపంచ రికార్డు 11 పౌండ్ల గోల్డెన్ ట్రౌట్ దొరికింది కాలిఫోర్నియాలో కాదు, 1948లో వయోమింగ్‌లో. పైగా నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే మీరు చేపని చూసేలోపే అది మిమ్మల్ని చూస్తుంది. మొదటి ట్రిప్పుకి ఇది వద్దంటాను. లిటిల్ లేక్స్‌లో చేయి తిరిగాక, ఏడాది తర్వాత రండి.

బిషప్ పైన నార్త్ లేక్ నుంచి 11,400 అడుగుల పియూట్ పాస్ దాటితే హంఫ్రీస్ బేసిన్. గోల్డెన్‌కి పేరున్న చోటు, జనం పలచన. మూడు నాలుగు రోజుల బ్యాక్‌ప్యాకింగ్ ముందే అలవాటున్నవాళ్లకే. వాళ్లకి నా సలహా అక్కర్లేదు.

ఈ సరస్సుల జాబితాలతో ఒక జాగ్రత్త. సియెర్రా ఎగువ సరస్సుల్లో చాలా భాగానికి మొదట్లో చేపలే లేవు. హిమానీనదాలు చెక్కిన గుంటలవి, కింద జలపాతాలు అడ్డం. చేప ఎక్కి రాలేదు. మనుషులే కంచరగాడిదల మీదా, తర్వాత విమానాల్లోంచీ చేపపిల్లల్ని తెచ్చి వదిలారు. అవి వెళ్లి అక్కడి పసుపు కాళ్ల కప్పల తోకపిల్లల్ని తినేశాయి. ఈ కప్ప 2014లో కేంద్ర ప్రభుత్వపు అంతరించిపోతున్న జీవుల జాబితాలోకి ఎక్కింది. యోసెమిటీలో చేపలు వదలడం 1991లో ఆపేశారు. కొన్ని సరస్సుల్లో వలలు వేసి చేపల్ని పూర్తిగా తీసేస్తున్నారు కూడా. అందుకని పాత పుస్తకంలోనో, ఎవరో ఎప్పుడో పెట్టిన మ్యాప్‌లోనో చేపలున్నాయన్న సరస్సుకి ఎనిమిది మైళ్లు నడిచే ముందు, ఆ ఊరి ఫిషింగ్ షాపులో ఒకసారి అడగండి. ఫ్లై రెండు కొంటే వాళ్లు ఓపిగ్గా చెప్తారు.

ఇప్పుడు రాడ్. మూడు దారులున్నాయి.

మొదటిది అసలైన ఫ్లై రాడ్. తొమ్మిది అడుగులది, 5 వెయిట్, నాలుగు ముక్కలుగా విడదీసేది, తేలే లైన్‌తో. చేపలు చిన్నవి కదా, 3 వెయిట్ చాలదా అని అడుగుతారు. చేపకి చాలుతుంది, గాలికి చాలదు. అంకె పెరిగేకొద్దీ లైన్ బరువు పెరుగుతుంది, గాలిని కోసుకుని పోయే శక్తి పెరుగుతుంది. ఆరు అంగుళాల బ్రూక్ ట్రౌట్‌కి 5 వెయిట్ ఎక్కువే, కానీ మీరు పోరాడేది దానితో కాదు. రీలు మీద డబ్బు పోయకండి. ఈ సైజు చేపలకి రీలు లైన్ చుట్టుకునే గిలక మాత్రమే. రాడ్, రీలు, లైన్ కలిపి అమ్మే సెట్లు 150 నుంచి 250 డాలర్లలో సరిపోయేవి దొరుకుతాయి.

రెండోది సన్నటి స్పిన్నింగ్ రాడ్, దానికి నీళ్లు నింపుకునే ప్లాస్టిక్ బబుల్. గుడ్డు ఆకారంలో పారదర్శకంగా ఉండే బుడగ ఇది. అందులో సగం నీళ్లు పడితే విసరడానికి బరువు వస్తుంది. దాని వెనక నాలుగైదు అడుగుల సన్న దారం, కొసన ఫ్లై. ఎదురుగాలిలో కూడా సరస్సు సగం దాకా పోతుంది. నేర్చుకోవడానికి పదిహేను నిమిషాలు. ఖర్చు ఫ్లై సెట్‌లో సగం కూడా కాదు. ఫ్లై ఫిషింగ్ పెద్దమనుషులు కొందరు దీన్ని చూసి మొహం చిట్లిస్తారు, పట్టించుకోకండి. దీని అసలు లోపం వేరే. బబుల్ నీళ్లలో ధబ్బున పడుతుంది. అలలున్నప్పుడు ఆ చప్పుడు కలిసిపోతుంది. నిశ్చలంగా ఉన్న తెల్లవారుజామున ఒడ్డు వెంట తిరిగే చేపలన్నీ ఆ దెబ్బకి లోతుకి పారిపోతాయి.

అంటే ఎంపిక మళ్లీ వేళ దగ్గరికే వచ్చింది. నెమ్మది గంటల్లో ఒడ్డున ఉండగలవాళ్లకి ఫ్లై రాడ్, మధ్యాహ్నమే కుదిరేవాళ్లకి బబుల్. దీనికి ఇంకో షరతు కలపాలి. ఫ్లై విసరడం ఇంటి దగ్గర నేర్చుకుని రావాల్సిన పని. పార్కులో గడ్డి మీద, గాలం బదులు కొసకి ఊలు ముక్క కట్టి, రోజుకి పావుగంట చొప్పున కొన్ని వారాలు విసరాలి. ముప్పై అడుగులు తిన్నగా పడితే చాలు, ఎందుకంటే ఈ సరస్సుల్లో చేపలు చాలాసార్లు ఒడ్డుకి దగ్గర్లోనే తిరుగుతాయి. ఆ సాధన చేసే ఓపిక లేదనుకుంటే, ఏడాదికి ఒక్కసారే వెళ్తామనుకుంటే, మొహమాటం లేకుండా బబుల్ కొనండి. కొండ మీదికి వెళ్లి చిక్కుపడ్డ లైన్ విప్పుకుంటూ కూర్చోవడం సరదా కాదు.

మూడోది టెన్‌కారా, జపాన్ కొండవాగుల పద్ధతి. పన్నెండు అడుగుల దాకా సాగే మడత కర్ర, కొసకి కట్టిన లైన్, దాని చివర ఫ్లై. రీలు లేదు. మన చెరువు గట్ల మీద వెదురు కర్రకి దారం కట్టి వేసే గాలం లాంటిదే, ఎర్రల బదులు ఫ్లై అంతే. బరువు తక్కువ, మడిస్తే సంచిలో పట్టేస్తుంది, పదేళ్ల పిల్లలు కూడా వెంటనే వేయగలరు. సరస్సులో మాత్రం కర్ర, లైన్ కలిపి అందేంత దూరమే దాని రాజ్యం. వాగు వచ్చి కలిసేచోటు, బయటికి పోయేచోటు, ఒడ్డు పక్కనే లోతున్నచోటు పనికొస్తుంది. లిటిల్ లేక్స్‌కి పిల్లలతో వెళ్తే ఇది తీసుకోండి. కాటన్‌వుడ్‌కి ఇదొక్కటే తీసుకెళ్లకండి.

బెలూన్‌లా ఊది నీళ్లలో కూర్చునే ఫ్లోట్ ట్యూబ్ సంగతి కూడా కొందరు అడుగుతారు. రోడ్డు పక్క సరస్సులకి బాగుంటుంది. మోసుకుని కొండెక్కడం, మంచు కరిగిన నీళ్లలో కాళ్లు వేలాడేసుకుని కూర్చోవడం నాకైతే అక్కర్లేని కష్టం.

ఏ రాడ్ తీసుకున్నా కళ్లకి పోలరైజ్డ్ అద్దాలు తప్పనిసరి. వాగులో చేప ప్రవాహానికి ఎదురు నిలబడి తిండి తన దగ్గరికి వచ్చేదాకా ఆగుతుంది. సరస్సులో ప్రవాహం లేదు, కాబట్టి చేపే తిండి కోసం తిరుగుతుంది, తరచుగా ఒడ్డు వెంబడి ఒకే దారిలో. కాబట్టి వెళ్లగానే నీళ్లలో దిగిపోకుండా, ఒడ్డుకి పది అడుగులు వెనక నిలబడి ఐదు నిమిషాలు చూడండి. చేప కనబడితే దాని మీద కాదు, అది పోయే దారిలో ఐదారు అడుగులు ముందు వేయండి. కనబడకపోతే నీటి రంగు లేత నుంచి ముదురు నీలానికి మారే గీత మీద, లోతు మొదలయ్యే చోట, వేయండి. కుడిచేత్తో విసిరేవాళ్లు గాలి ఎడమ భుజం వైపు నుంచి వచ్చేలా నిలబడాలి, లేకపోతే గాలం మన చెవికే తగులుతుంది.

గాలి వల్ల ఒక్క లాభం ఉంది. కింద లోయల్లోని చీమలు, తుమ్మెదలు, రెక్కల పురుగులు దానితో పాటు పైకి కొట్టుకొచ్చి నీళ్లలో పడతాయి. అలలు ఏ ఒడ్డుకి తోస్తుంటే అక్కడ అవి పోగవుతాయి, ట్రౌట్ కూడా అక్కడికే చేరతాయి. విసరడం కష్టమైన ఒడ్డే తిండి ఉన్న ఒడ్డు. 5 వెయిట్ కొనమన్నది కొంత ఇందుకే.

ఫ్లైల పేర్లు వేలల్లో ఉన్నాయి, షాపులో చూస్తే తల తిరుగుతుంది. పైన తేలేవి ప్యారాషూట్ ఆడమ్స్, ఎల్క్ హెయిర్ క్యాడిస్, నల్ల ఫోమ్ చీమ. మునిగేవి జీబ్రా మిడ్జ్, హేర్స్ ఇయర్, ఆలివ్ రంగు ఊలీ బగ్గర్. ఈ ఆరు, ఒక్కోటి మూడు చొప్పున, 12 నుంచి 18 సైజుల్లో (అంకె పెరిగేకొద్దీ గాలం చిన్నది) తీసుకుంటే తూర్పు సియెర్రాలో ఎక్కడైనా గడిచిపోతుంది. పైన ఏమీ కదలకపోతే ఊలీ బగ్గర్ వేసి, పది లెక్కపెట్టే దాకా మునగనిచ్చి, మెల్లగా గుంజుతూ రండి. పడకపోతే ఈసారి ఇరవై దాకా. కొసన కట్టే దారం 5ఎక్స్, నీళ్లు మరీ తేటగా ఉంటే ఇంకా సన్నటి 6ఎక్స్.

నెల విషయంలో నా అభిప్రాయం గట్టిది. మొదటిసారైతే సెప్టెంబర్, లేబర్ డే సెలవు అయ్యాక. జూన్ చివర, జూలై మొదట్లో మంచు విడిచిన కొత్తలో చేపలు ఆకలి మీద ఉంటాయి, నిజమే; ఆ వారాన్ని పట్టుకోగలిగితే ఏ ఫ్లై వేసినా పడతాయంటారు. కానీ ఆ వారం ఏడాదికో రకంగా మారుతుంది, వందల మైళ్ల అవతల ఇంట్లో కూర్చుని దాన్ని పట్టుకోవడం కుదరదు. జూలైలో దోమలు కళ్లు తెరవనివ్వవు. మస్కీటో ఫ్లాట్‌కి ఆ పేరు ఊరికే రాలేదు. దోమల మందులో డీట్ అనే రసాయనం ఉంటే పూసుకున్న చేత్తో లైన్ ముట్టుకోకండి, పై ప్లాస్టిక్ పూత కరిగి పాడవుతుంది. ఆగస్టులో మధ్యాహ్నపు ఉరుములు. గ్రాఫైట్ రాడ్ కరెంటుని పారనిస్తుంది, కాబట్టి ఉరుము వినబడగానే రాడ్ కింద పెట్టి, బయలు చోటు వదిలి కిందికి దిగడమే. సెప్టెంబర్‌లో ఇవన్నీ తగ్గుతాయి. జనం పలచబడతారు, పార్కింగ్ దొరుకుతుంది. బ్రూక్ ట్రౌట్ గుడ్లు పెట్టే కాలం దగ్గరపడి పొట్ట ఎర్రబారి, రెక్కల అంచున తెల్లగీతతో మెరిసిపోతూ ఉంటుంది. రాత్రుళ్లు నీళ్లు గడ్డకట్టే చలి మాత్రం ఉంటుంది, మంచి స్లీపింగ్ బ్యాగ్ లేకపోతే మోటెల్ చూసుకోండి.

పట్టిన చేపని తినాలా, వదలాలా? బ్రూక్ ట్రౌట్ అయితే పరిమితిలోపు రెండు మూడు తీసుకోవడానికి సందేహించను. ఇది తూర్పు అమెరికా నుంచి తెచ్చిన చేప. వాగు లేకుండా సరస్సు అడుగు గులకరాళ్లలోనే గుడ్లు పెట్టగలదు, అందుకే చాలాచోట్ల సంఖ్య మితిమీరి, తిండి చాలక, పెద్ద తల, సన్నటి ఒళ్లుగా మిగిలిపోతుంది. గోల్డెన్‌ని మాత్రం వదిలేయండి. ముందే ముల్లు నొక్కేసిన గాలం వాడితే తేలిగ్గా ఊడుతుంది. పొడి చేత్తో పట్టుకుంటే దాని జిగురు పొర పోతుంది, చేయి తడుపుకుని, నీళ్లలోనే ఉంచి విడిపించండి. వండేవాళ్లకి ఒక మాట: ట్రౌట్ పొలుసులు చాలా చిన్నవి, గీకే పని లేదు. మాంసం మెత్తన, ముళ్లు సన్నన. పులుసు పెడితే విడిపోతుంది. ఉప్పు, కారం, పసుపు, కాస్త నిమ్మరసం పట్టించి పెనం మీద వేయించడమే. వండేదీ తినేదీ గుడారానికి దూరంగా.

పదహారేళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ కాలిఫోర్నియా ఫిషింగ్ లైసెన్స్ ఉండాలి. చూడ్డానికి వచ్చిన నాన్నగారు సరదాగా రాడ్ పట్టుకున్నా సరే, ఆయనకీ కావాలి. ఒక రోజుకి ఇచ్చే లైసెన్స్ ఉంది. ఏడాది లైసెన్స్ 2023 నుంచి కొన్న రోజు నుంచి 365 రోజులు నడుస్తుంది, కాబట్టి సెప్టెంబర్‌లో కొన్నా నష్టం లేదు. ఏ సరస్సులో ఎన్ని ఉంచుకోవచ్చు, ఏ ఎర వాడొచ్చు, ఏ తేదీల్లో అన్నది చోటుని బట్టి మారుతుంది, గోల్డెన్ ఉన్నచోట మరీను. బయల్దేరే ముందు రాష్ట్ర ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ ఆ ఏటి నిబంధనలు చూసుకోండి.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉండి ఇది చదువుతున్నవాళ్లకి దగ్గరి దారి కాశ్మీర్. బ్రిటిష్ కాలంలో, 1900 ప్రాంతంలో స్కాట్లాండ్ నుంచి గుడ్లు తెప్పించి శ్రీనగర్ దగ్గరి హర్వాన్‌లో పెంచిన బ్రౌన్ ట్రౌట్ సంతతి ఇప్పుడు కొండ మీది సరస్సుల్లోనూ ఉంది. సోన్‌మార్గ్ నుంచి మొదలయ్యే గ్రేట్ లేక్స్ ట్రెక్‌లో విషన్‌సర్ దగ్గరా, గంగ్‌బల్ దగ్గరా గుడారాలు నీటికి పక్కనే వేస్తారు. అంటే సియెర్రాలో హోటల్ ఖర్చు పెట్టి, చీకటితో లేచి సంపాదించుకునే ఆ పొద్దుటి గంటలు అక్కడ ట్రెక్‌తో పాటే వస్తాయి. జూలై నుంచి సెప్టెంబర్ దాకా వెళ్లొచ్చు. నాలుగు ముక్కల ఫ్లై రాడ్ వీపు సంచికి పక్కన కట్టుకుంటే బరువు తెలియదు. ట్రెక్ కంపెనీ ఇచ్చే అనుమతిలో చేపలు పట్టడం కలిసి ఉండదు. జమ్మూ కాశ్మీర్ మత్స్యశాఖ పర్మిట్ విడిగా తీసుకోవాలి, అదీ కొండెక్కక ముందు శ్రీనగర్‌లోనే చూసుకోవాలి.